జనరంజక సంగీతం : విద్వత్పరిశీలన

పెండ్లి పందిట మ్రోగే పాట, టీ దుకాణంలో రేడియోపెట్టె నుండి వెలువడే పాట, బండి తోలుకొంటూ మనిషి తనలో తాను కూనిరాగం తీసుకొనే పాట - వీటిని ఎరుగనివారు ఉండరు. అందరూ ఎరిగినవే గనుక, వీటిని గూర్చి తెలుసుకొనవలసినది ఏమున్నదని చాలకాలం ఎవరూ అడుగలేదు. కృతికి లక్షణగ్రంథం ఉన్నది. జానపదగేయానికి సంకలనం ఉన్నది. మొన్న గ్రామఫోను మీద, నిన్న కేసెట్టు మీద, నేడు చేతిలోని ఫోనులో కోట్లమంది వింటున్న పాటకు మాత్రం విశ్వవిద్యాలయంలో పీట వేయడానికి ఇరవయ్యవ శతాబ్దంలో ముప్పాతిక భాగం గడిచిపోవలసి వచ్చినది. పీట వేసిన తరువాత పండితులు ఏమి కనుగొన్నారు? వారు కనుగొన్నదానితో పాట వినేవారికి పని యేమి? ఈ రెండు ప్రశ్నలే నేటి నా ప్రసంగానికి విషయం.

మొదట మాటకు అర్థం నిర్ణయించుకొనవలె. జనరంజక సంగీతమంటే ఏది? ఫిలిప్ టాగ్ అనే ఆంగ్లేయ పండితుడు 1982లో ప్రకటించిన ఒక వ్యాసంలో సంగీతాన్ని త్రిభుజంగా చూపినాడు. ఒక కోణం జానపదం, ఒకటి శాస్త్రీయం, మూడవది జనరంజకం. పాట మధురంగా ఉన్నదా లేదా అన్నది ఆయన కొలబద్ద కాదు. పాటను కట్టినది వృత్తిగా పెట్టుకొన్నవారా, ఊరివారా? కట్టినవారి పేరు తెలియునా, తెలియదా? పాట నిలిచి ఉండేది నోటి మీదనా, కాగితం మీదనా, రికార్డులోనా? అది చేరేది పదిమందికా, లక్షలమందికా? దానికి తిండి పెట్టేది ఎవరు - పల్లె కట్టుబాటా, రాజపోషణమా, అంగడియా? ఇవి ఆయన వేసిన ప్రశ్నలు. వృత్తికళాకారులు కట్టి, రికార్డులో నిలిపి, సరుకుగా అమ్మగా, ఒకరినొకరు ఎరుగని జనం వినేది జనరంజక సంగీతం.

ఈ హద్దులు రాతిగోడలు కావు. అందుకు మన రంగస్థల పద్యమే సాక్ష్యం. పద్యమా, ఛందోబద్ధం, రాగమా, శాస్త్రసిద్ధం, పాడినదా, నాటకశాలలో, హార్మోనియం శ్రుతిలో. అదే పద్యం గ్రామఫోను ప్లేటు మీదికి ఎక్కి ఊరూరా అమ్ముడుపోయి, చదువురాని వారి నోట కూడ నిలిచినది. దీనిని ఏ కోణంలో కూర్చోబెట్టవలె? కూర్చోబెట్టలేకపోవడమే మంచిది, ఆ తికమకలో నుండియే పరిశోధన పుట్టుతున్నది.

ఈ విద్య ప్రారంభంలో రేడియోకు పెద్దపాత్ర ఉన్నది. 1938 ఫిబ్రవరిలో థియొడోర్ అడోర్నో అనే జర్మన్ తత్త్వవేత్త న్యూయార్కు నగరం చేరినాడు. హిట్లరు పాలన వలన దేశం విడిచినవాడు. వియన్నాలో ఆల్బన్ బెర్గ్ అనే సుప్రసిద్ధ స్వరకర్త వద్ద సంగీతరచన అభ్యసించినవాడు. అప్పుడు అమెరికాలో రాక్‌ఫెల్లర్ ధర్మసంస్థ ధనసహాయంతో, ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయం పేరిట, రేడియో వినికిడిని గూర్చి ఒక గొప్ప పరిశోధన సాగుతున్నది. దానికి పెద్ద పాల్ లాజర్స్‌ఫెల్డ్. సంగీత విభాగాన్ని ఆయన అడోర్నో చేతికి అప్పగించినాడు.

లాజర్స్‌ఫెల్డ్ లెక్కల మనిషి. ఆయన, ఫ్రాంక్ స్టాంటన్ కలిసి ఒక యంత్రాన్ని సమకూర్చినారు. శ్రోతలను ఒక గదిలో కూర్చోబెట్టి, ప్రతివానికి రెండు మీటలు ఇస్తారు. కార్యక్రమం వింటూ, నచ్చినప్పుడు పచ్చ మీట, నచ్చనప్పుడు ఎర్ర మీట నొక్కవలె. కదలుతున్న కాగితం మీద కలాలు గీతలు గీస్తూ పోతాయి. ఏ క్షణాన శ్రోతకు ఇష్టం కలిగినదో, ఏ క్షణాన విసుగు పుట్టినదో ఆ గీతలలో తెలిసిపోవలె. అడోర్నోకు ఇది ఏమాత్రం రుచించలేదు. సంస్కారాన్ని కొలవడమేమిటని ఆయన శంక. ఈ మనిషికి ఈ పాట ఎందుకు నచ్చినది, నచ్చేటట్లు అతనిని తయారుచేసినదెవరు అన్నది మీట చెప్పదు గదా అని ఆయన వాదం. ఇద్దరికీ పొసగలేదు. సంగీత విభాగానికి ధనసహాయం కొనసాగలేదు. కాని ఆ వివాదం మాత్రం నేటికీ తీరలేదు. ఎంతమంది విన్నారన్న అంకె ప్రతి పాట క్రిందను ఫోను తెర మీద కనబడుతున్న ఈ కాలంలో, మీట ఏమి చెప్పునో, ఏమి చెప్పదో మనమూ ఆలోచించవలసియే ఉన్నది.

1941లో అడోర్నో, జార్జి సింప్సన్ సహాయంతో, జనరంజక సంగీతాన్ని గూర్చి ఒక వ్యాసం ప్రకటించినాడు. ఈ విషయం మీద వ్రాసే ప్రతి పండితుడు ఆ వ్యాసాన్ని మెచ్చుకొనియో, తిట్టియో ముందుకు పోవలసి వస్తున్నది. ఆయన ఆక్షేపణ ఇది. ఆనాటి అమెరికా పాటలకు ముప్పదిరెండు తాళావర్తాల చట్రం ఒకటి స్థిరపడినది. ఎనిమిదేసి ఆవర్తాల భాగాలు నాలుగు. మొదటిది, రెండవది, నాలుగవది ఒకే వరస. మూడవది మాత్రం వేరు. ఈ చట్రంలో ఏ ముక్క తీసి ఏ ముక్క పెట్టినా పాటకు వచ్చే లోటు లేదు. యంత్రానికి విడిభాగాలు మార్చినట్లే అని ఆయన అన్నాడు. పైన కొత్తదనం పూత, లోపల అదే అచ్చు. పైగా ఆ పాటను పదేపదే వినిపిస్తారు. వినగా వినగా అది పరిచయమవుతుంది. పరిచయాన్నే శ్రోత ఇష్టమని భ్రమపడతాడు. ఈ చివరి మాట రేడియోవారికి చెంపపెట్టు వంటిది. పాట బాగున్నందున మరల వినిపిస్తున్నామా, మరల వినిపించినందున బాగున్నదా - ఈ ప్రశ్న ప్రసారకుడెవ్వడూ తప్పించుకోలేడు.

అయినను ఆ వాదంలో ఒక బీటు ఉన్నది. చట్రం స్థిరమైనంత మాత్రాన పాట నిర్జీవమని చెప్పవచ్చునా? సీసపద్యానికి నాలుగు పాదాలు, ఆపైన ఎత్తుగీతి. వినేవానికి ఈ సంగతి ముందే తెలుసు. గీతి వస్తుందని తెలిసి ఎదురుచూడడంలోనే అతని ఆనందం ఉన్నది. కందపద్యం గణాలు వెయ్యేండ్లుగా మారలేదు. పద్యాలు మాత్రం ఒకదానివలె మరొకటి లేవు. అచ్చు ఒకటే అయినప్పుడు, లోపల ఉన్న చిన్న తేడాలను పట్టుకొనే చెవి కావలె. ఆ చెవి అడోర్నోకు సింఫనీ విషయంలో ఉన్నది. నాట్యశాల పాట విషయంలో లేదు. ఆయన రచనలో శ్రోతలను గూర్చి ఎంతో ఉన్నది. ఏ శ్రోతతోనైనా కూర్చుండి మాట్లాడిన జాడ మాత్రం కనబడదు.

విచారణ లేక తీర్పు చెప్పినచో ఏమగునో మన దేశంలోను ఒకసారి చూచినాము. 1952 నుండి 1962 వరకు బి. వి. కేస్కర్ కేంద్ర సమాచార ప్రసారశాఖ మంత్రి. సంగీతం తెలిసినవాడు, శాస్త్రీయ సంగీతానికి రేడియోలో గౌరవస్థానం కల్పించినవాడు. సినిమా పాట ప్రజల అభిరుచిని చెడగొట్టుతున్నదని ఆయన దృఢవిశ్వాసం. ఆ కాలంలో ఆకాశవాణి నుండి సినిమా పాట దాదాపు వెళ్ళిపోయినది. శ్రోత ఏమి చేసినాడు? మారు మాటాడలేదు, మీట త్రిప్పినాడు. సముద్రం ఆవల నుండి రేడియో సిలోన్ పాటలు వినిపిస్తున్నది. 1952లోనే అక్కడ మొదలైన బినాకా గీత్ మాలా, అమీన్ సయానీ కంఠంతో దేశమంతటా వారం వారం ఇంటింటి పండుగ అయినది. మన తెలుగు సినిమా పాటలను కూడ ఆ కేంద్రం నుండి విన్నవారు ఎందరో ఉన్నారు. తుదకు 1957 అక్టోబరు 3వ తేదీన వివిధభారతి ప్రారంభమైనది. పాట తిరిగి ఇంటికి వచ్చినది. ఆ విధానం వలన మేలు జరుగలేదని అనరాదు. సినిమా పాటకు బదులుగా పెంపొందించిన లలితసంగీతం తెలుగులో చక్కని పంట పండించినది. కాని జనం ఆ పాటను ఎందుకు కోరుతున్నారని ముందుగా అడిగియుండినచో, వారు పరాయి కేంద్రానికి వలస పోవలసిన అవసరం రాకపోయేది.

శ్రోతను అడగడం పాశ్చాత్యదేశాలలోను మెల్లగా మొదలైనది. డేవిడ్ రీస్మన్ అనే అమెరికా సామాజిక శాస్త్రజ్ఞుడు 1950లో ఒక చిన్న వ్యాసం వ్రాసినాడు. యువశ్రోతలందరూ ఒకే గుంపు కాదని ఆయన చూపినాడు. ఎక్కువమంది నలుగురితో పాటు నారాయణా అన్నట్లు, ఏది వినవస్తే దానిని వింటారు. వారికి పాట స్నేహానికి ఒక సాధనం. తక్కువమంది మాత్రం పట్టుబట్టి ఎంచుకొంటారు. పేరుపడిన బృందాలను తోసిపుచ్చుతారు. పాటలో అమ్మకపు వాసన తగిలితే ఏవగించుకొంటారు. తమలో తాము గంటల తరబడి తర్కించుకొంటారు. అంటే, అడోర్నో చేస్తున్న విమర్శను ఆ పిల్లలు తమ రీతిలో తామే చేస్తున్నారన్నమాట. శ్రోత మట్టిముద్ద కాదని చెప్పిన తొలి రచనలలో ఇది ఒకటి.

1966లో చార్లెస్ కైల్ మరొక అడుగు వేసినాడు. ఆయన గ్రంథం పేరు 'అర్బన్ బ్లూస్'. బ్లూస్ అనగా అమెరికా నల్లజాతివారి గానం. దానిని అభిమానించే తెల్లజాతి పండితులు అప్పటికే ఉన్నారు. కాని వారికి కావలసినది పల్లెటూరి వృద్ధుడు, పాత గిటారు, అరిగిపోయిన ప్లేటు. పట్టణంలో మెరుగు దుస్తులు ధరించి, విద్యుత్ గిటారు పట్టుకొని, నిండు సభలో పాడే గాయకుడు వారి దృష్టిలో చెడిపోయినవాడు. కైల్ షికాగో నగరంలోని నల్లవారి సభలకు పోయి కూర్చున్నాడు. బి. బి. కింగ్, బాబీ బ్లాండ్ పాడుతుంటే సభ ఎట్లు పలుకుతున్నదో గమనించినాడు. బ్లాండ్ వేదిక మీద నిలిచిన తీరును, ప్రేక్షకుల కేకలను, మారుమాటలను పూసగుచ్చినట్లు వర్ణించినాడు. ఆ గాయకుడు వారికి వినోదం అమ్మేవాడు మాత్రమే కాదనియు, ప్రార్థనాలయంలో ఉపదేశకుని వంటి స్థానం అతనికి ఉన్నదనియు నిరూపించినాడు. హరికథ చెప్పే దాసుగారికి సభ నుండి వచ్చే గోవిందనామస్మరణను లెక్కలోనికి తీసికొనక, కథను కాగితం మీద చదివి విలువ కట్టరాదు గదా! ఇదియు అట్టిదే. పాత పాటను ప్రేమించడం తప్పు కాదు. కాని నేటి జనం వింటున్న పాటను ప్రక్కకు నెట్టి, వారు వినడం మానిన పాటకు మాత్రమే నిజమైన ప్రజాగానమని పేరు పెట్టడం అన్యాయం.

శ్రోత సంగతి అట్లుండగా, పాటలోని ధ్వని సంగతి యేమి? స్వరలిపి చూచి వివరించే శాస్త్రీయ పద్ధతి ఇక్కడ చాలదు. ముందు చెప్పిన ఫిలిప్ టాగ్ ఈ చిక్కు విప్పడానికి పూనుకొన్నాడు. ఆయన ఇంగ్లండులో పుట్టి స్వీడన్‌లో స్థిరపడి, గోటెబోర్గ్ విశ్వవిద్యాలయంలో పనిచేసినాడు. 1979లో ఆయన సమర్పించిన పరిశోధన గ్రంథం వస్తువు వింటే ఆశ్చర్యం కలుగుతుంది. అమెరికా టెలివిజనులో 'కోజాక్' అనే పోలీసు కథామాలిక ఉండేది. దాని మొదట వచ్చే సంగీతం ఏబది సెకండ్లు. ఆ ఏబది సెకండ్ల మీద ఆయన ఒక పెద్ద గ్రంథం వ్రాసినాడు.

ఆయన పద్ధతి తేలికగా చెప్పవచ్చును. ఆ సంగీతంలోని ఒక చిన్న ధ్వనిఖండాన్ని తీసికొంటాడు - కొమ్ముబూర మీద పైకి ఎగసే ఒక పలుకు అనుకొందాం. అటువంటి పలుకు ఇంకా ఎక్కడెక్కడ వినబడుతుందో వెదకుతాడు. వేటపాటలలో, వీరగాథలలో, యుద్ధచిత్రాలలో దొరుకుతుంది. కావున ఆ పలుకు వినగానే శ్రోతకు వీరుడు స్ఫురిస్తున్నాడని తేలుస్తాడు. తేలినది సరియో కాదో చూడడానికి ఒక పరీక్ష చేస్తాడు. వరస మార్చక, వాద్యం మార్చుతాడు; వాద్యం మార్చక, వేగం మార్చుతాడు. ఏది మారినప్పుడు అర్థం చెడినదో, ఆ అర్థం దానిలో ఉన్నదన్నమాట. ఇది మనకు అపరిచితమైన విషయం కాదు. నాదస్వరం మీద ఒక వరస వినబడితే చూడనక్కరలేకయే పెండ్లి అంటాం. దేశనాయకుడు గతించిననాడు రేడియోలో మాటలేని విషాదసంగీతం వినబడగానే, వార్త రాకముందే ఇంటిలోని వారి ముఖాలు వాడిపోయేవి. మాట లేని సంగీతం ఇంత ఖచ్చితంగా ఎట్లు మాట్లాడుతున్నది? సంగీతశాస్త్రం చదువని మనిషి దానిని ఇంత తప్పులేకుండా ఎట్లు చదువుతున్నాడు? టాగ్ జీవితమంతా ఈ ప్రశ్నకే వెచ్చించినాడు. సామాన్యుని చెవిలో ఒక పాండిత్యం ఉన్నదని ఆయన విశ్వాసం.

ఈ విధంగా ఎక్కడివారక్కడ చేస్తున్న పని 1981లో ఒక చోటికి చేరినది. ఆ సంవత్సరం జూన్‌లో ఆమ్‌స్టర్‌డామ్ నగరంలో ఈ విషయం మీద మొదటి అంతర్జాతీయ సభ జరిగినది. జనరంజక సంగీత పరిశోధకుల అంతర్జాతీయ సంఘం కూడ ఆ యేడే ఏర్పడినది. 'పాప్యులర్ మ్యూజిక్' అనే విద్వత్పత్రికను కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయ ముద్రణాలయం ఆ సంవత్సరమే ప్రారంభించినది. 1988లో లివర్‌పూల్ విశ్వవిద్యాలయంలో ఈ చదువుకు ప్రత్యేకంగా ఒక సంస్థ వెలసినది. బీటిల్స్ పుట్టిన ఊరిలో అది వెలయడం సముచితమే.

పాట ఎట్లున్నది, ఎవరు విన్నారు అన్న ప్రశ్నలతో పాటు, పాటను జనానికి చేర్చే సాధనం ఎవరి చేతిలో ఉన్నదన్న మూడవ ప్రశ్న తలఎత్తినది. దీనికి చక్కని సమాధానం మన దేశం నుండియే లభించినది. పీటర్ మాన్యుయెల్ అనే అమెరికా పండితుడు ఉత్తర భారతదేశంలో తిరిగి, కేసెట్టు సంస్కృతిని గూర్చి 1993లో ఒక గ్రంథం వెలువరించినాడు. గ్రామఫోను రికార్డు చేయడానికి పెద్ద కర్మాగారం కావలె. కావున అనేక దశాబ్దాలు ఆ వ్యాపారం చాలవరకు ఒకే కంపెనీ అదుపులో ఉన్నది. ఆ కంపెనీ దేశమంతటా అమ్ముడుపోయే పాటకే మొగ్గు చూపినది. కేసెట్టుకు కర్మాగారం అక్కరలేదు. చిన్న గది, నకలుతీసే యంత్రం చాలును. 1980ల నాటికి పరిస్థితి తలక్రిందులైనది. మధుర ప్రాంతపు వ్రజభాషలోని రసియా వంటి పల్లెపాటలు, నాలుగు జిల్లాలలో మాత్రమే తెలిసిన యాసలు, కేసెట్టుగా బజారులోనికి వచ్చినవి. చిన్న భాషకు కంఠం లభించినది. మాన్యుయెల్ దీనిని మెచ్చుకొని ఊరకుండలేదు. అదే చవక సాధనం వలన దొంగ నకళ్ళు పెరిగినవనియు, మతద్వేషాన్ని రెచ్చగొట్టే ప్రసంగాల కేసెట్లు కూడ అంతే సులభంగా వ్యాపించినవనియు వ్రాసినాడు. సాధనం ప్రజల చేతికి వచ్చినంత మాత్రాన మంచే జరుగునని గాని, వ్యాపారి చేతిలో ఉన్నంత మాత్రాన చెడే జరుగునని గాని ముందుగా నిర్ణయించరాదు; పోయి చూడవలె.

ఇక నాలుగవ ప్రశ్న. పాట లోకమంతా తిరిగి డబ్బు సంపాదించినప్పుడు, ఆ డబ్బు ఎవరికి చేరినది? దక్షిణాఫ్రికాకు చెందిన సాలమన్ లిండా కథ ఇందుకు దృష్టాంతం. అతడు జూలూ జాతివాడు. పల్లె విడిచి జొహానెస్‌బర్గుకు పనికి వచ్చి, గాలో అనే రికార్డుల కంపెనీలో ప్లేట్లు మూటకట్టే పనిలో చేరినాడు. 1939లో అతడు, అతని బృందం ఆ కంపెనీ గదిలోనే ఒక పాట పాడినారు. దాని పేరు 'ఎంబూబే'. ఆ మాటకు జూలూ భాషలో సింహమని అర్థం. బృందగానం మంద్రంగా సాగుతుండగా, లిండా ఆశువుగా పై స్థాయిలో ఒక వరస అందుకొన్నాడు. ఆ పాట ఎంతగా అమ్ముడుపోయినదంటే, ఆ రీతి గానానికంతటికీ ఎంబూబే అనియే పేరు స్థిరపడినది. ఆ గానసంప్రదాయాన్ని గూర్చి ఫైట్ ఎర్ల్‌మాన్ అనే పండితుడు 1990లలో విపులంగా పరిశోధించి గ్రంథాలు వ్రాసినాడు.

ఆ ప్లేటు సముద్రం దాటినది. జానపదగేయ సంగ్రాహకుడు అలన్ లోమాక్స్ ద్వారా అది అమెరికా గాయకుడు పీట్ సీగర్‌కు చేరినది. అతని బృందం పాడినప్పుడు, మాట సరిగా వినబడక 'విమొవే' అయినది. 1961లో టోకెన్స్ అనే బృందం ఆంగ్లపదాలతో పాడగా, ఆ పాట లోకమంతా మారుమ్రోగినది. లిండా ఆశువుగా అందుకొన్న ఆ వరసే దానికి ప్రాణం. అతడు మాత్రం పాట మీది హక్కును పది షిల్లింగులకు ఇచ్చివేసినాడని చెప్పుతారు. 1962లో బీదవాడుగానే మరణించినాడు. 1994లో డిస్నీ సంస్థ నిర్మించిన సింహరాజు చిత్రంలోను ఆ పాట వినబడినది. 2000 సంవత్సరంలో రియాన్ మలన్ అనే దక్షిణాఫ్రికా పాత్రికేయుడు ఈ కథనంతా త్రవ్వి బయటపెట్టినాడు. 1911 నాటి బ్రిటిష్ సామ్రాజ్య గ్రంథస్వామ్య చట్టంలో, రచయిత మరణించిన ఇరువదియైదు సంవత్సరాలకు హక్కు వారసులకు తిరిగి వచ్చునని ఒక నియమం ఉన్నది. ఆ నియమాన్ని పట్టుకొని లిండా కుమార్తెలు 2004లో వ్యాజ్యం వేసినారు. 2006లో రాజీ కుదిరి వారికి రావలసినది కొంత వచ్చినది.

ఒక పాట ఎక్కడ పుట్టినది, ఎవరి నోట పుట్టినది అని విచారించడం పనిలేని పండితుల కాలక్షేపమని తలచేవారు ఈ కథను గుర్తుంచుకొనవలె. ఏ సంవత్సరం, ఏ గది, ఏ బృందం, ఏ ప్లేటు అన్న చిన్న చిన్న వివరాలే ఇక్కడ న్యాయానికి ఆధారం అయినవి. ఎవరిదో తెలియని జానపదగేయమని ఒక మాట అనివేసినచో, ఒక కుటుంబం కూటికి లేక పోవచ్చును.

పేరు మరుగుపడిన లిండాలు మనకు లేరా? న్యూజిలాండ్‌లో ఆచార్యుడైన గ్రెగరీ బూత్ బొంబాయి సినిమా వాద్యబృందాలలోని వారిని కలిసి, వారి మాటలను ఆధారంగా చేసికొని 2008లో ఒక గ్రంథం ప్రకటించినాడు. పాట మధ్య వయొలిన్లు వాయించినవారు, బూరలు ఊదినవారు, సంగీత దర్శకుని వరసకు వాద్యకూర్పు చేసినవారు - వీరి పేర్లు తెర మీద రాలేదు. యంత్రవాద్యాలు వచ్చిన తరువాత ఆ పెద్ద బృందాలు చెదరిపోయినవి. బూత్ వెళ్ళి అడిగినందున, వారి పనితీరు, వారి కూలి, వారి నైపుణ్యం గ్రంథానికి ఎక్కినవి.

తెలుగు సినిమా పాట దశాబ్దాలపాటు మద్రాసు స్టూడియోలలో తయారైనది. పాట ప్రసారం చేసేటప్పుడు చిత్రం పేరు, గాయకుల పేర్లు, రచయిత పేరు, సంగీత దర్శకుని పేరు చెప్పడం రేడియోలో మా ఆనవాయితీ. పల్లవికి చరణానికి నడుమ మనస్సు కరిగించిన ఆ వేణువు ఎవరిదో మాత్రం చెప్పము; ఎందువలననగా, ప్లేటు మీద అది వ్రాసి ఉండదు. ఆ తబలా ఎవరిది? ఆ వీణ ఎవరిది? చెప్పగలిగినవారు వృద్ధులై, ఒక్కరొక్కరే వెళ్ళిపోతున్నారు.

జానపదగేయం విషయంలో మనవారు వెనుకబడి లేరు. బిరుదురాజు రామరాజుగారు పల్లెపల్లె తిరిగి సేకరించి వ్రాసిన 'తెలుగు జానపద గేయ సాహిత్యము' 1958లో వెలువడినది. ఆ శ్రద్ధనే ప్లేటు మీది పద్యానికి, లలితగీతానికి, సినిమా పాటకు, కేసెట్టు మీది పల్లెపాటకు కూడ చూపవలె. ఇందుకు పట్టా పుచ్చుకొన్న పండితులే కానక్కరలేదు. సినిమాహాళ్ళ వద్ద అణాలకు, పైసలకు అమ్మిన పాటల పుస్తకాలు ఎన్ని ఇండ్లలో అటక మీద ఉన్నవి! అవి చిత్తుకాగితాలు కావు, చరిత్రకు ఆధారాలు. ప్లేటు అరిగిపోయినను దాని నడుమనున్న చీటీలో పేరు, సంఖ్య ఉంటాయి. అమ్మమ్మ ఏ పాటను ఏ పనిచేస్తూ పాడుకొనేదో, దానిని మొదట ఎక్కడ విన్నదో అడిగి, తేదీ వేసి వ్రాసిపెట్టితే అదియును పరిశోధనమే. సేకరించిన తరువాత భద్రపరచడం కూడ ముఖ్యం. ఘనా దేశంలో జాన్ కాలిన్స్ అనే సంగీతజ్ఞుడు 1990లో ఆఫ్రికా జనరంజక సంగీతానికి ఒక భాండాగారం స్థాపించినాడు. 2011లో ఆక్రా నగరంలో వచ్చిన వరదనీరు దానిలోనికి చొచ్చి ఎంతో నష్టం చేసినది. ఒకే చోట ఒకే ప్రతి ఉంచరాదని ఆ వరద నేర్పిన పాఠం.

అడోర్నో ప్రశ్న నేటికీ నిలిచియే ఉన్నది. మనకు నచ్చిన పాటను మనమే ఎంచుకొన్నామా, మనచేత ఎవరైనా ఎంచుకొనేటట్లు చేసినారా? ఆ ప్రశ్న అడగడం మానరాదు. కాని దానికి సమాధానం చెప్పవలసినది దూరాన కూర్చున్న పండితుడు ఒక్కడే కాదు. పాట కట్టినవాడు, వాద్యం పట్టినవాడు, అమ్మినవాడు, విన్నవాడు - వీరందరి సాక్ష్యమూ తీసికొన్న తరువాతనే తీర్పు చెప్పవలె. తీర్పు చెప్పవలసిన అవసరమే కలుగదేమో కూడ! శాస్త్రీయ సంగీతాన్ని కాపాడడానికి సభలు ఉన్నవి. సర్వజనుల నోట నానే పాటను ఎవరో కాపాడుతూనే ఉందురని మనం అనుకొంటున్నాము. అందరి సొత్తు అయినదానికి కావలి ఉండదు. దానికి కావలి కాయడానికి మొదటి మెట్టు దానిని శ్రద్ధగా వినడమేనని మనవి చేసి, ఇంతటితో విరమిస్తున్నాను.